రాత గడువు, వరద గడువు: పిల్లల రచయితల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా గోదావరి డెల్టా నుంచి వచ్చాయి. పిల్లలకి కథలు రాస్తూనే బడి మానేసిన పిల్లల కోసం, కౌలు రైతుల కోసం, లేసు అల్లే ఆడవాళ్ళ కూలి కోసం తిరిగేవాళ్ళు అడిగినవి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాం. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: 32 పేజీల బొమ్మల పుస్తకం ఒప్పుకున్నానండి. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి రావాలట. జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే పని, అదే సమయంలో కౌలు కార్డుల (కౌలు రైతులకిచ్చే సాగు హక్కు పత్రాల) దరఖాస్తులు, జూలై దాటితే లంకల్లో, అంటే గోదావరి మధ్య ఊళ్ళలో, వరద. రెండేళ్ళుగా ఒక్క పుస్తకమూ పూర్తవలేదు. ఏది మానుకోమంటారు? (పి. గన్నవరం వైపు నుంచి ఒక రచయిత్రి)

జవాబు: ఏదీ మానక్కర్లేదు. మీరు పంపిన నెలల పట్టీలో ఒక్కటే తేడా: కథ రాయడానికి జూలై, ఆగస్టు పెట్టుకున్నారు. డెల్టాలో ఆ రెండు నెలలు రాతకి పనికిరావు. వాటిని బొమ్మలు వేసేవారికి వదిలేయండి.

వెనక నుంచి లెక్కేసుకోండి. పుస్తకాల పండగ మామూలుగా జనవరి మొదటి రోజుల్లోనే మొదలవుతుంది. డిసెంబరులో ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీలతో ఊపిరాడకుండా ఉంటాయి, వెయ్యి కాపీల పిల్లల పుస్తకం వరుసలో వెనక్కి పోతుంది. అందుకని ఫైలు నవంబరు 10కల్లా ప్రెస్సుకి చేరాలి. పేజీలు అమర్చి రెండు ప్రూఫులు చూసుకోవడానికి మూడు వారాలు, రంగు బొమ్మలకి పది వారాలు, పెన్సిలు బొమ్మలకి నాలుగు వారాలు తీసేస్తే లెక్క జూలై 14 దగ్గర ఆగుతుంది. ఒక నెల వెసులుబాటు ఉంచుకుంటే కథ జూన్ 10కి తెమిలిపోవాలి. బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అంటే దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్ళయి కాలవలు కట్టేసిన దగ్గర్నుంచి బడి గంట కొట్టేదాకా ఉన్న ఆరేడు వారాలు మీ రాతకాలం. ఎండ ఎక్కువే, కానీ ఆ వారాల్లో మిమ్మల్ని పిలిచే పనులు తక్కువ.

ఆ వారాల్లో ముందు డమ్మీ (నమూనా పుస్తకం) కట్టండి. ఎనిమిది ఎ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే 32 పేజీలు వస్తాయి. 1 లోపలి శీర్షిక. 2, 3 ప్రచురణ వివరాలు, అంకితం. 4-5 నుంచి 30-31 దాకా పద్నాలుగు జంట పేజీలు కథకి. 32 ఆఖరి చిన్న బొమ్మకి. కథని కత్తెరతో ముక్కలు చేసి పేజీల్లో అంటించండి. మొత్తం 600 మాటలు దాటితే అనుమానించాల్సిందే. జంట పేజీకి నలభై మాటలు మించితే బొమ్మకి చోటుండదు. పిల్లాడికి ఆత్రం కలిగే చోటు కుడిచేతి పేజీ కింద పడాలి, సంగతి పేజీ తిప్పాక తెలియాలి. ఎడమ పేజీలో ప్రశ్న, పక్క పేజీలోనే జవాబు కనబడితే తిప్పే చెయ్యి ఆగిపోతుంది. చాలా కథలు నీరుకారేది భాష వల్ల కాదండి, ఈ కత్తెర పని చేయకపోవడం వల్ల.

కథతోపాటు చిత్రకారులకి ఫోన్ ఫొటోలు ఓ నలభై ఇవ్వండి: రేవు, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ), ఏటిగట్టు, బడి వరండా, కొబ్బరి రాశి. మూడున్నర అడుగుల ఎత్తులో ఫోన్ పట్టి తీయండి, పిల్ల కన్ను ఉండేది అక్కడే. ఇవి లేకపోతే హైదరాబాదులో కూర్చున్న చిత్రకారుడు లంకకి కొండలు వేసి పంపిస్తాడు.

వరద రోజుల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రమారమి 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. మొదటి హెచ్చరిక పడిన రోజునే ప్రచురణకర్తకి రెండు ముక్కలు పంపండి: పది రోజులు దొరకను, పెన్సిలు బొమ్మలు ఫలానావారు చూస్తారు. ఆ ఫలానావారు ఎవరో మేలోనే అనుకుని ఉంచాలి. రెండో హెచ్చరిక వచ్చాక ఫోన్ ఛార్జింగే ఉండదు.

ఇక అసలు ప్రమాదం వరద తగ్గాక వస్తుంది. పునరావాస కేంద్రంలో చూసినవి తలలో మెదులుతుంటే అక్టోబరులో కథ మార్చేస్తారు. రంగు పడ్డాక మాట మార్చితే బొమ్మ మార్చాలి. ఆ రెండు పేజీల కూలి ఎవరిస్తారు? చూసినవి వేరే నోటుబుక్కులో రాసుకోండి, వచ్చే వేసవికి పనికొస్తాయి. కౌలు కార్డు పని మాత్రం ఏటా వచ్చేదే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ పత్రానికి పెట్టిన గడువు 11 నెలలే. దరఖాస్తులు నింపడం ఊళ్ళో ఇంటర్ చదివిన ఇద్దరికి నేర్పితే మీ జూన్ కొంత మీ చేతికి వస్తుంది.

ప్రశ్న: రొయ్యల షెడ్డులో పనిచేసే పిల్ల మీద కథ రాశాను. "నీతి ఎక్కువైంది" అని రెండు చోట్ల తిరగగొట్టారు. అన్యాయాన్ని అన్యాయం అనకుండా ఎలా రాయాలి? (భీమవరం)

జవాబు: మీ కథ ఆఖరి పేజీ ఇలా ఉంది: "చదువు ప్రతి బిడ్డ హక్కు అని టీచరు చెప్పగానే అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. మంగ ఆనందంగా బడికి వెళ్ళింది." మాట తప్పు కాదు. కానీ అది మీరు పెద్దవాళ్ళకి చెబుతున్న మాట, మంగది కాదు. పొద్దున నాలుగింటి నుంచి ఐసులో రొయ్యలు ఒలిచిన చేతులెలా ఉంటాయో మూడో పేజీలో మీరే రాశారు. దాన్నే ఆఖరికి తీసుకురండి:

"మంగ సుద్దముక్క పట్టుకుంది. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. వేళ్ళలో ఇంకా ఐసు ఉంది."

ఇది చదివిన పిల్ల తన వేళ్ళు చూసుకుంటుంది. చెప్పాల్సింది అక్కడ చేరిపోయింది.

రెండోది, మీ కథలో టీచరు వచ్చాడు, సమస్య తీరింది. రక్షించేవాడు బయటినుంచి దిగే కథల్లో పేటలోవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది కదా. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే, సగం మంది ఆడవాళ్ళు. ఆ సమావేశానికి మంగ వాళ్ళమ్మని పంపండి, నాలుగు మాటలు ఆమె చేత అనిపించండి. కథ మీ చేతిలోంచి ఆమె చేతిలోకి పోతుంది.

చట్టం సంగతులు వదిలేయమనడం లేదు, వాటికి చోటు వెనక అట్ట లోపలి వైపు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఇంటివాళ్ళకి బడి అయ్యాకో సెలవుల్లోనో సాయం చేయడానికి, షరతులతో సినిమా, టీవీల్లో నటించడానికి మాత్రం మినహాయింపు ఉంది, ఇంటి సాయమైనా ప్రమాదం లేని పనుల్లోనే. బడి మానేసిన పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందనో, పుట్టినతేదీ కాగితం లేదనో వెనక్కి పంపకూడదు. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇవి ఎనిమిది వరుసల్లో, పెద్దల కోసం అని పైన రాసి వేయండి.

ప్రశ్న: పేటలో పిల్లలకి కథ చదివి వినిపిస్తే ఒక చోట ఎందుకో ముఖాలు ముడుచుకున్నారు. కథలో ఎక్కడా కించపరిచే మాట లేదు. మరి ఏం జరిగి ఉంటుందంటారు? (రావులపాలెం దగ్గర)

జవాబు: మీరు జతచేసిన కథ చదివాం. సర్వనామాలు చూసుకోండి. రైతు గురించి "ఆయన గట్టు మీద నిలబడ్డారు". కొబ్బరి దింపే మనిషి గురించి "వాడు చెట్టెక్కాడు". ఇద్దరికీ యాభై ఏళ్ళే. ఊడ్పులకి వచ్చినామెని ఒక చోట "అది నవ్వింది" అన్నారు. మీరు కావాలని రాయలేదు, చేతికి అలవాటైపోయింది. వినే పిల్లల్లో ఒకరి తాత ఆ దింపు మనిషి.

చేయాల్సింది చిన్న పనే. కథ ప్రింటు తీసి వాడు, అతను, ఆయన, అది, ఆమె, ఆవిడ అన్న ప్రతి మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి. క్రియ చివరలూ చూడండి: "వచ్చాడు", "వచ్చారు". పక్కన ఆ మనిషి వయసు రాయండి. ఒకే వయసు వాళ్ళకి రెండు రకాల మర్యాద కనబడితే సరిచేయండి. కథ చెప్పే గొంతు అందరినీ ఒకే మెట్టు మీద ఉంచాలి. పాత్రలు ఒకరినొకరు "ఒరేయ్" అనుకోవచ్చు, అది ఊరి నిజం. కానీ ఒరేయ్ అన్నది ఎవరో పిల్లలకి తెలియాలి, ఆ మాట రచయిత నోట రాకూడదు.

యాస కూడా అంతే. మీ కథలో రైతు పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, కూలీలు మాత్రం "ఏటండీ బాబూ, ఎల్లొచ్చేత్తాం" అంటారు. గోదావరి జిల్లాల్లో "ఆయ్" అనని రైతు ఎక్కడున్నాడండీ? పెడితే అందరికీ పెట్టండి, తీస్తే అందరికీ తీయండి. ఒక వైపే యాస ఉంటే, నవ్వాల్సింది ఎవర్ని చూసో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. బొమ్మల్లోనూ ఇదే పరీక్ష: చిరిగిన బట్టలు, నల్లటి రంగు, వంగిన నడుము మూడూ ఒకే మనిషికి వేశారేమో పెన్సిలు దశలోనే చూడండి. రంగు పడ్డాక అడిగితే చిత్రకారుడికి కోపం, మీకు ఖర్చు.

ప్రశ్న: పుస్తకావిష్కరణ, కూలి పెంపు సభ ఒకే ఆదివారం పడ్డాయి. (నరసాపురం)

జవాబు: ఆవిష్కరణని వేరే రోజుకి మార్చండి. సభ తేదీ వందమంది కలిసి పెట్టుకున్నది, ఆవిష్కరణది మీరూ ప్రచురణకర్తా కలిసి మార్చుకోగలిగింది. హాలు అడ్వాన్సు పోతుందని బెంగపడకండి, బడిలో మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంటలో ఆవిష్కరణ చేసుకోవచ్చు. వినాల్సినవాళ్ళు ఎటూ అక్కడే ఉంటారు.

ప్రశ్న: మా బడిలో కథల శిబిరం పెట్టాం. పిల్లలు రాసిన 22 కథలు పుస్తకంగా వేస్తాం. వాళ్ళ ఫొటోలు, ఊరి పేర్లు వేయొచ్చా? ఒక అమ్మాయి రాసింది చదివితే ఇంట్లో ఏదో జరుగుతోందని అనిపించింది. అది కూడా వేయాలా? (అమలాపురం ప్రాంతపు ఉపాధ్యాయుడు)

జవాబు: రెండో సంగతి ముందు. ఆ కథ వేయకండి, తరగతిలో చదవకండి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడగకండి. లైంగిక వేధింపు అన్న అనుమానం కలిగినా సరే, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలని అరికట్టే) చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేయడం మీ బాధ్యత. "ప్రధానోపాధ్యాయుడికి చెప్పాను కదా" అంటే సరిపోదు. వేరే రకం హింస అనిపిస్తే 1098కి చెప్పండి. ఆమె రాసిన కాగితం అసలుది దిద్దకుండా, గీతలు పెట్టకుండా భద్రంగా ఉంచండి. పేరు తీసేసి వేద్దామన్న ఆలోచన కూడా వద్దు. బాధిత పిల్లల పేరు, ఫొటో, కుటుంబం, బడి, ఉండే చోటు, ఏదీ బయటపడకూడదని చట్టం. 22 మందిలో కథ ఎవరిదో ఊళ్ళో గంటలో తెలిసిపోతుంది.

మిగిలిన 21 కథల హక్కు రాసిన పిల్లలదే. బడిదీ కాదు, శిబిరం పెట్టిన మీదీ కాదు. మైనర్లు ఒప్పందం చేసుకోలేరు కాబట్టి తల్లో తండ్రో సంరక్షకులో సంతకం చేయాలి. సంతకం చేయించే ముందు కాగితం చదివి వినిపించాలి. అందులో ఉండాల్సినవి: ఎన్ని కాపీలు, అమ్ముతారా ఊరికే ఇస్తారా, డబ్బు వస్తే ఎవరికి, పేరు వేయాలా మారుపేరా, ప్రెస్సుకి వెళ్ళేలోగా వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి. ఫొటోకి వేరే గడి పెట్టండి, కథకి సరే అన్నవాళ్ళందరూ ఫొటోకి సరే అనరు. బడి పేరు పక్కన పేట పేరు వేస్తే కులం చెప్పినట్టే, మండలం పేరుతో ఆపండి. తప్పులు దిద్దండి కానీ వాక్యాలు మార్చకండి. "మా అమ్మ పీచు ఫ్యాక్టరీకి ఎల్తది" అని పిల్ల రాస్తే అది తప్పు కాదు.

ప్రశ్న: రాయల్టీ మొత్తం వరద బాధితులకి అని ప్రకటించాను. మరో పుస్తకంలో నరసాపురం లేసు డిజైన్లు అంచులుగా వాడి, లాభంలో వాటా అల్లినవాళ్ళకి ఇద్దామనుకుంటున్నాను. కాగితాల్లో ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు గుణకారం చేయండి. వెయ్యి కాపీలు, వెల 90 రూపాయలు. రచయితా చిత్రకారుడూ పదిశాతం చెరిసగం పంచుకుంటే మీ వంతు 5 శాతం, అన్నీ అమ్ముడుపోతే 4,500 రూపాయలు. అవి చేతికి వచ్చేసరికి వచ్చే ఏడు వరద కూడా వచ్చి పోతుంది. ప్రకటన పెద్దది, మొత్తం చిన్నది, మాట పడేది మీరు. దాని బదులు ఒప్పందంలో వంద కాపీలు ఖర్చు ధరకి ఇవ్వాలని రాయించుకోండి. అవి ఏటిగట్టు బడులకి అదే నెలలో చేరతాయి.

లేసు విషయంలో లాభం వచ్చాక వాటా అనకండి. లాభం వచ్చిందో లేదో అల్లినామె ఎలా లెక్క చూసుకుంటుంది? చిత్రకారుడికి బొమ్మకింత అని ఎలా ఇస్తారో, డిజైనుకి ఇంత అని ముందే ఇవ్వండి, ప్రచురణ వివరాల పేజీలో ఆమె పేరు వేయండి. దళారీకి ఇచ్చి ఊరుకుంటే ఆమెకి ముట్టిందో లేదో మీకు తెలియదు. లేసుని స్కాన్ చేసేటప్పుడు ఇస్త్రీ చేసి, వెనక నల్ల అట్ట పెట్టి 600 డీపీఐలో చేయండి. తెల్ల కాగితం మీద పెడితే తెల్ల దారం అంచు దొరకదు. అంచుని పేజీ చివరిదాకా లాగితే మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలండి, లేకపోతే కోత యంత్రం పువ్వుల్ని సగానికి తెగ్గోస్తుంది.

ఒప్పందంలో మరో మూడు మాటలు. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్ళుగా లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇచ్చిన హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, వేరేలా రాసుకోనంత వరకు, అది మీకు తిరిగొస్తుంది. ఇక "అందరికీ ఉచితం" అని క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చే లైసెన్సులు) కింద పెట్టాలనుకుంటే, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లోలాగా సీసీ బై (రాసినవాళ్ళ పేరు వేస్తే చాలనే) లైసెన్సు అయితే ఎవరైనా అచ్చు వేసి అమ్ముకోవచ్చు కూడా. మీ మాటలు మీరు దానం చేయొచ్చు, బొమ్మల మాట చిత్రకారుడు చెప్పాలి.

ప్రశ్న: గట్టు పక్క పిల్లల లైబ్రరీలో పుస్తకాలు నీళ్ళలో నానాయి. బాగుచేయొచ్చా? మళ్ళీ ఎలాంటివి కొనాలి? (ముమ్మిడివరం మండలం)

జవాబు: మురుగు కలిసిన నీళ్ళలో మునిగినవి పిల్లల చేతికి ఇవ్వకండి, పారేయడమే. అచ్చులో దొరికేవి కొత్తవి కొనుక్కోవడం చవక. కష్టపడాల్సింది మళ్ళీ దొరకని వాటి కోసం: పిల్లలు చేత్తో రాసిన పుస్తకాలు, రిజిస్టర్లు. వాటిని మూసే ఉంచి మంచినీళ్ళలో ముంచి బురద వదిలించండి. నిలబెట్టి నీరు కారాక పదేసి పేజీలకొక తెల్ల కాగితం దూర్చి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. ఫ్యాను గాలి చాలు, ఎండలో పెడితే మెలి తిరుగుతాయి. 48 గంటలు దాటితే బూజు పడుతుంది. అంత సమయం లేకపోతే ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజరులో పెట్టండి, గడ్డకట్టినంత కాలం బూజు పెరగదు. మీ వైపు రొయ్యల ప్లాంట్లలో గడ్డకట్టించే గదులకి కొదవ లేదు, అడిగితే ఓ మూల ఇస్తారు. తర్వాత నాలుగైదు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు.

నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకం ఒకదానికొకటి అంటుకుని ఆరిందా, ఇక విడదు. పై పూత కరిగి బంకలా పట్టేస్తుంది, లాగితే బొమ్మ ఊడి వస్తుంది. అందుకని లంక లైబ్రరీలకి 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) మాప్‌లిథో, అంటే పూత లేని కాగితం మీద అచ్చయినవి తీసుకోండి. రంగు కాస్త తగ్గుతుంది కానీ నానినా పేజీలు విడదీసి ఆరబెట్టొచ్చు. మధ్య పిన్ను రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది, ముందు ఊడేది నడిమి పేజీ. మీ పుస్తకమే వేయిస్తున్నారా, అయితే లైబ్రరీలకి ఇచ్చే కాపీలకి దారపు కుట్టు వేయమని ప్రెస్సుకి ఫైలు పంపిన రోజునే చెప్పండి. బైండింగు మొదలయ్యాక చెబితే వినిపించుకోరు.